ఐదో నంబరు దూరం

ఆదివారం పొద్దున్నే, దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో పాలవాడు ఇంకా తిరుగుతుండగానే, వెంకట్రావు పాత కారు సీతారాములు ఇంటి ముందు ఆగేది. హారన్ కొట్టే పనే ఉండేది కాదు. సీతారాములు అప్పటికే గోల్ఫు కర్రల సంచీ భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉండేవాడు. “గడ్డిల కట్టెతోని గోలీలాడనీకి గింత తొందర ఏందో” అని అండాలమ్మ మొగుణ్ణి ప్రతి వారం దెప్పేది, ప్రతి వారం ఫ్లాస్కు నిండా చాయ్ పోసి ఇచ్చేది. కారు వెనక సీట్లో వెంకట్రావు భార్య ఇందిరాదేవి ఉండేది. “రండి అన్నయ్యగారూ, పెసరట్లు చల్లారిపోతున్నాయి” అనేది. వాళ్ళిద్దరిదీ ఆ గల్లీకి అటు చివర ఇల్లు, సీతారాములుది ఇటు చివర. కారు ఎల్‌బీనగర్ చౌరస్తా దాటి, విజయవాడ రోడ్డెక్కి, పెద్ద అంబర్‌పేట్ అవతల గుట్టకింది క్లబ్బుకు చేరేసరికి పెసరట్ల పొట్లం ఖాళీ అయ్యేది.

గుట్టకింది క్లబ్బు అంటే అదేదో మహా గొప్పదనుకునేరు. నిజాం కాలంలో ఒక రైల్వే దొర పొద్దుపోక రాళ్ళనేలలో గడ్డి నాటించి, తొమ్మిది గుంతలు తవ్వించి, జెండాలు పాతించాడు. దొర పోయాడు, గడ్డి మిగిలింది. సిటీలోని పెద్ద క్లబ్బులు గడప తొక్కనివ్వని రిటైర్డు ఇంజనీర్లూ, కోచింగ్ సెంటర్ల వాళ్ళూ తర్వాత తర్వాత అందులో చేరారు. సీతారాములు లారీల ఓనరు, నల్లగొండ జిల్లా మనిషి. ఒకసారి ఇసుక లోడు దింపించడానికి వస్తే, విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ వెంకట్రావు అతని చేతికి కర్ర ఇచ్చి, “ఒకటి కొట్టి చూడండి, పోయేదేముంది” అన్నాడు. బంతి పోయి చెరువులో పడింది. మర్నాడే వెంకట్రావు అతని సభ్యత్వానికి సంతకం పెట్టాడు.

ఐదో నంబరు గుంత సంగతి సభ్యులందరికీ తెలిసిందే. బంతి కొట్టే చోటు నుంచి జెండా దాకా ఉన్న ఆ గడ్డిపట్టె పొడుగు నడిచేవాణ్ణి బట్టి ఉండేది. ఇరవయ్యేళ్ళ కుర్రాడు వస్తే జెండా ఎక్కడో గుట్ట అంచున కనిపించేది. మోకాళ్ళు అరిగినవాడు వస్తే జెండాయే కొంచెం ఎదురొచ్చేది. స్కోరు కార్డు మీద మిగతా గుంతలకు దూరం గజాల్లో వేసి, ఐదో దానికి ‘మనిషిని బట్టి’ అని అచ్చు వేయించారు. ముసలాళ్ళకు ఊరికే కలిసొస్తోందని కుర్రాళ్ళు సణిగేవాళ్ళు. “మీ మోకాళ్ళూ అరుగుతాయి నాయనా, కాస్త ఓపిక పట్టండి” అని వెంకట్రావు నవ్వేవాడు.

కొన్నేళ్ళకు ఇందిరాదేవికి పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది. ఎన్ని దవాఖానలు తిరిగినా ఆమె మహా అయితే ఒక్క అడుగు వేయగలిగేది. ఇంట్లో మంచం మీంచి బాత్రూముకు పోవాలన్నా ఇద్దరు రెక్కలు పట్టుకోవాల్సిందే. కాస్త గాలి తగులుతుందని వెంకట్రావు ఓ ఆదివారం ఆమెను మళ్ళీ క్లబ్బుకు తీసుకొచ్చి ఐదో నంబరు మొదట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆమె కుర్చీ పట్టుకుని లేచి, ఉన్న ఆ ఒక్క అడుగూ వేసింది. నేల ఆమె కాలికింద మెత్తగా ముడుచుకుని జెండాను ఆమె చేతికి అందించింది. అంత పట్టె ఒక్క అడుగులో అయిపోయింది. “అన్నయ్యగారూ, చూశారా, నేనే వచ్చేశా” అని ఆమె అటు చివర నుంచి కేక పెడితే సీతారాములు కళ్ళు తుడుచుకున్నాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం అంతే. వారం మొత్తం మీద ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా చేరుకునే చోటు లోకంలో అదొక్కటే.

ఒక వానాకాలం క్లబ్బులో నీళ్ళు నిలిచి గడ్డి కుళ్ళిపోయింది. దొర కాలం నాటి కాలవలు పూడిపోయాయి. బాగుచేయక తప్పదు. ఎవరికోసం బాగుచేయాలన్న దగ్గరే పేచీ వచ్చింది. కాలవలు తీసి, బెంచీలు వేసి, సభ్యులు హాయిగా ఆడుకునేట్టు చేస్తే చాలు, ఐదో నంబరు జోలికి పోవద్దని వెంకట్రావు. మొత్తం తవ్వి, పొడుగు పెంచి, పెద్ద పెద్ద పోటీలు జరిగే మైదానం చేయాలని చక్రపాణి. ఇతను మన్సూరాబాద్‌లో ఉండే కాంట్రాక్టరు, ఇతనిదీ నల్లగొండే. పోటీలవాళ్ళు కొలవడానికి టేపులు పట్టుకుని రానే వచ్చారు. ఐదో నంబరును లావుపాటి ఆఫీసరు కొలిస్తే ఒక లెక్క, సన్నపాటి అసిస్టెంటు కొలిస్తే ఇంకో లెక్క వచ్చింది. “దీనికి ఒకే దూరం ఉండాలండీ, లేకపోతే పోటీ ఎట్లా పెడతాం” అని వాళ్ళు వెళ్ళిపోయారు. తప్పు వాళ్ళది కాదు, పోటీ అంటే అంతే మరి.

“ఐదో నంబరును తీసేస్తారట కదా అన్నయ్యగారూ?” అని ఇందిరాదేవి ఆ వారం కార్లో అడిగింది.

“నేనున్న కదా చెల్లెమ్మా. దాని మీద ఎవడు చెయ్యేస్తడో నేను చూస్త” అన్నాడు సీతారాములు.

అన్నప్పుడు ఆ మాట మనసులోంచే అన్నాడు.

అది సకల జనుల సమ్మె జరుగుతున్న సంవత్సరం. బస్సులు లేవు, బడులు లేవు. సీతారాములు తన లారీలను తానే సంతోషంగా ఆపేశాడు. కృష్ణ నీళ్ళు జిల్లా అంచునుంచే పారిపోతుంటే, ఊళ్ళో ఫ్లోరైడు బోరునీళ్ళు తాగి వాళ్ళమ్మ ఎముకలు వంగి, చచ్చేదాకా నేలను చూస్తూనే నడిచింది. తెలంగాణ వస్తే ఆ నీళ్ళు ఊరికి వస్తాయని అతని ఆశ. ఎల్‌బీనగర్ రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు తన చేత్తో పప్పు కలిపి జనానికి వడ్డించాడు. అక్కడే చక్రపాణి అతని మెడలో కండువా వేసి, “ఎల్లుండి క్లబ్బు మీటింగుల మన మర్యాద నీ చేతుల ఉన్నదే” అన్నాడు. గోల్ఫు గుంతకూ రాష్ట్రానికీ ఏం సంబంధమో సీతారాములుకు అర్థం కాలేదు.

మీటింగు రోజు, ఎప్పుడూ కలిసి కూర్చుని ఒకడి సిగరెట్టు ఒకడు కాల్చేవాళ్ళు, నడుమ దారి వదిలి రెండు దిక్కులా కూర్చున్నారు. సీతారాములు గుమ్మంలో తచ్చాడి, మొహమాటపడి, చక్రపాణి దిక్కున కూర్చున్నాడు.

“టోర్నమెంటు ఏడాదికి నాలుగు రోజులండీ. మిగతా రోజులన్నీ ఆడుకునేది మనమేగా” అన్నాడు వెంకట్రావు.

“మనమేంది? మీరు వేరు, మేం వేరు” అన్నాడు చక్రపాణి. “గీ నేల మాది. రేపు మా రాష్ట్రం ఒస్తది. దేశం మొత్తం మా గడ్డ మీదికొచ్చి ఆడాలె. ముసలోళ్ళు కూసోని ముచ్చట పెట్టనీకి కాదు క్లబ్బు.”

వెంకట్రావు మంచివాడే కానీ కోపం వస్తే నోరు ఆగదు. “మేమొచ్చేదాకా ఇక్కడ ఏముందయ్యా? రాళ్ళూ తుప్పలూ! గడ్డి పెంచుకోవడం కూడా మేమే నేర్పాల్సి వచ్చింది!”

హాలు భగ్గుమంది. సీతారాములు మాత్రం కుర్చీలోనే కుంగిపోయాడు. ఇన్నేళ్ళుగా తనతో ఒకే కంచంలో తిన్న మనిషి మనసులో ఇదా ఉన్నది? తన ఊరు, వంగిన నడుంతో తన తల్లి, అన్నీ రాళ్ళూ తుప్పలేనా? అధ్యక్షుడు పోటీల మైదానానికి ఒప్పుకునేవాళ్ళను చెయ్యెత్తమన్నప్పుడు సీతారాములు చెయ్యెత్తాడు. అతను చెయ్యెత్తింది ఆ మాట మీద. లెక్కకెక్కింది మాత్రం ఐదో నంబరు మీద. చక్రపాణి ఒకే ఒక్క చెయ్యి తేడాతో నెగ్గాడు.

వెంకట్రావు బయటికొచ్చి, కారు డిక్కీ తెరిచి, సీతారాములు కర్రల సంచీ తీసి వరండా స్తంభానికి జాగ్రత్తగా ఆనించాడు. “అన్నయ్యగారు రావట్లేదా?” అని ఇందిరాదేవి అడగడం సీతారాములుకు వినిపించింది. కారు కదిలిపోయింది.

మట్టి ఎత్తే పని చక్రపాణి సీతారాములుకే ఇచ్చాడు. వద్దనడానికి అతనికి మొహం చెల్లలేదు. జేసీబీ ఐదో నంబరు పైగడ్డి లేపితే, కింద నేలంతా పెట్టెలో పెట్టిన పట్టుచీరలా మడతలు మడతలుగా ఉంది. “ఎంత గుంజినా ఒస్తనే ఉన్నది సార్” అని డ్రైవరు విసుక్కున్నాడు. మడతలన్నీ సాగదీసి, రోలరు తొక్కించి, మిగిలిన మట్టిని లారీలకెత్తారు. జెండా గుట్ట అంచున పాతేసి, పక్కన దూరం రాసిన రాయి నిలబెట్టారు.

ఆ లారీల్లో ఒకదాన్ని సీతారాములు గల్లీకి తోలించాడు. పైపులకోసం తవ్వి వదిలేసిన గల్లీ అంతా గోతులే. ఈ మట్టి పరిస్తే చెల్లెమ్మ ఇంటి ముందే నడుస్తుందని, ఒక్క అడుగేసి తన గేటు దాకా వచ్చి “నేనే వచ్చేశా” అంటుందని అతని ఆశ. తన గేటు నుంచి వాళ్ళ గేటు దాకా దగ్గరుండి పరిపించి, నీళ్ళు చల్లించాడు.

“పోయి తప్పయిందని ఒక్క మాటనరాదు? మట్టితోని చెప్పుడేంది?” అంది అండాలమ్మ.

“రేపు చెప్తలే” అన్నాడు.

మర్నాడు పొద్దున వెంకట్రావు భార్యను గేటు దాకా నడిపించుకుని రావడం సీతారాములు చూశాడు. ఆమె మట్టిని గుర్తుపట్టినట్టుంది, మొహం వెలిగింది. గోడ వదిలేసి ఒక్క అడుగు వేసింది. నేల ముడుచుకోలేదు. ఆమె ముందుకు తూలితే వెంకట్రావు పట్టుకున్నాడు. సీతారాములు గేటు తీసుకుని పరిగెత్తాడు. ఎంత పరిగెత్తినా వాళ్ళు అంత దూరంలోనే ఉన్నారు. ఒకసారి సాగదీసిన మట్టికి ఇక సాగడమే తెలుసు. అతను రొప్పుతూ ఆగేసరికి వాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఎన్నిసార్లు బయల్దేరాడో. పాలవాడికీ, పేపరు వాడికీ గల్లీ ఎప్పటిలాగే ఉండేది, సీతారాములుకే సాగేది. చౌరస్తా అవతలి నుంచి చుట్టూ తిరిగి పోయినా చివరికి ఆ మట్టి తొక్కక తప్పేది కాదు. ఫోన్ చేస్తే వెంకట్రావు ఎత్తేవాడు కాదు. ఒకసారి ఆటో ఎక్కాడు. సగం దూరం పోయాక ఆటోవాడు బండి ఆపి వెనక్కి తిరిగాడు. “దిగుండ్రి సార్. ఈ మధ్య చానా గల్లీలల్ల గిదే పరేషాన్. నిన్న బడంగ్‌పేట్‌ల ఇద్దరు తోడికోడండ్ల నడుమ గిట్లనే అయింది. పెట్రోలు దండుగ.”

క్లబ్బులో పోటీలు మొదలయ్యాయి. చుట్టూ విల్లాలు లేచాయి. వాటిని కట్టిన విజయవాడ బిల్డరు చక్రపాణికి మొదటినుంచీ భాగస్వామే అని అప్పుడు బయటపడింది. ఇద్దరూ ఒకే జీపులో తిరిగేవాళ్ళు, వాళ్ళ మధ్య దూరమేమీ ఉన్నట్టు లేదు. సభ్యులను వారంలో ఒక్కపూట ఆడుకోనిచ్చారు. సీతారాములు ఒకసారి పోయి ఐదో నంబరు మీద నిలబడ్డాడు. అతనికీ మోకాళ్ళు పట్టేస్తున్నాయి. జెండా కదల్లేదు. కర్రల సంచీ అటక మీద పడేశాడు.

రాష్ట్రం వచ్చింది. వచ్చిన రోజు సీతారాములు ఎల్‌బీనగర్ చౌరస్తాలో గులాల్ చల్లుకుని నిజంగానే ఏడ్చాడు, తల్లిని తలుచుకుని. ఇంటికొస్తే అండాలమ్మ మిఠాయి డబ్బా చేతిలో పెట్టి, “రావు సాబోళ్ళు ఇల్లు ఖాళీ చేసి విజయవాడ పోతున్నరంట. ఇయ్యాలన్న పో” అంది.

గల్లీ చివర సామాన్ల లారీ కదిలిపోతోంది. దాని వెనక పాత కారు ఆగి ఉంది. ఇద్దరు మనుషులు ఇందిరాదేవిని కుర్చీతో సహా ఎత్తి కారు దగ్గరికి తెస్తున్నారు. సీతారాములు డబ్బా గుండెకు అదుముకుని పరిగెత్తాడు. “చెల్లెమ్మా! రావు సాబ్! ఆగుండ్రి, తప్పయింది!” వెంకట్రావు తల తిప్పి చూశాడు. చూసిన మాట నిజం. ఒక చెయ్యి కారు తలుపు మీద పెట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు కూడా. సీతారాములు పడుతూ లేస్తూ వస్తూనే ఉన్నాడు, మట్టి సాగుతూనే ఉంది. అవతల నుంచి చూస్తే ఇతను ఉన్నచోటే నిలబడి చెయ్యూపుతున్నట్టు కనిపించిందో ఏమో, వెంకట్రావు కారెక్కి తలుపు వేసుకున్నాడు.

కారు మలుపు తిరిగి కనుమరుగైంది. సీతారాములు ఇంకొక్క అడుగు వేశాడు. వాళ్ళ గేటు వచ్చి అతని ఛాతీకి తగిలింది. దానికి వేసిన తాళం ఇంకా ఊగుతోంది.