ఆగండిగారు

గ్లాసు అడుగున రెండు గుక్కల టీ మిగిలింది. ఆఫీసు తుడిచే ఆమె చెయ్యి చాపేసరికి, ఆయన కంప్యూటరు తెర మీంచి చూపు తిప్పకుండానే "ఆగమ్మా, ఇంకా ఉంది" అన్నాడు. ఎవరితోనైనా ఆయన అనే ఈ మాట పట్టుకునే ఆఫీసువాళ్ళు ఆయనకు ఆగండిగారని పేరు పెట్టారు. చాటుగా పిలుచుకుంటున్నామని వాళ్ళ భ్రమ. ఆయనకు ఎప్పుడో తెలుసు.

ఆసుపత్రి కంప్యూటర్లలో ఎవరి కంటా పడకుండా నడిచే ప్రోగ్రాములుంటాయి. అప్పుడప్పుడూ వాటిని ఆపి మళ్ళీ నడపాలి. ఆగమన్నాక చేతిలో పని ముగించుకోవడానికి ఒక్కోదానికి ఎంత గడువివ్వాలో రాసిపెట్టడం ఆయన ఉద్యోగం. గడువు దాటితే యంత్రం దాని పీక నొక్కేస్తుంది. పరీక్షల ఫలితాలు రోగులకు పంపే ప్రోగ్రాము నత్తకు మేనత్త. దానికి రెండు నిమిషాలిచ్చాడు.

"మరీ ఇంత గారాబమా సార్? పది సెకన్లు చాలదూ?" అంది మేనేజరు పొద్దున్నే. మంచి పిల్లే, కాస్త తొందర.

"మధ్యలో తెగితే ఆ కబురు మళ్ళీ వెళ్ళదమ్మా. అవతల ఎవరో దానికోసం కూర్చునుంటారు."

"అయితే కారణం అందులోనే రాసిపెట్టండి. లేకపోతే మీ తర్వాత వచ్చేవాళ్ళు తగ్గించేస్తారు."

రేపటినుంచి ఆయన రాడు. మధ్యాహ్నం కేకు కోయించి, చప్పట్లు కొట్టి, ఎవరి కుర్చీల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన కారణం రాయడానికి కూర్చున్నాడు. రాసింది చెరిపాడు, మళ్ళీ రాశాడు.

భార్య పోయిన రోజు వంటింట్లోంచి "ఏవండీ, మీకో మాట చెప్పాలి" అంది. ఈయన పనిలో ఉండి "ఆగు, వస్తున్నా" అన్నాడు. వెళ్ళేసరికి నేలమీద పడి ఉంది. ఆ మాటేమిటో? పాలవాడి సంగతో, పంటినొప్పో, ఏమీ కాదో! అడుగుదామంటే మనిషి లేదు. అప్పట్నుంచీ ఇంటికి వెళ్ళాలంటే ఆయనకు భయం.

సాయంత్రం "దీని గడువు తగ్గించకండి, ఎందుకంటే" అన్నదాకా వచ్చాడు. తెర ఖాళీ అయిపోయింది. ఉద్యోగం ముగిసినవాళ్ళ ఖాతా ఆఫీసు వేళ కాగానే దానంతటదే మూసుకుంటుంది. ఆ ఏర్పాటు చేసింది కూడా ఆయనే. దానికి మాత్రం గడువు పెట్టడం మరిచాడు.

ఆయన నవ్వాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మేనేజరు పరుగున వచ్చింది. "అయ్యో! నేను రాస్తాను చెప్పండి సార్, ఎందుకంటే...?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఇంతలో ఆమె ఫోను మోగింది.

"ఆగండి సార్, ఒక్క నిమిషం," అంటూ ఆమె బయటికి వెళ్ళింది.

ఆయన చాలాసేపు నిలబడ్డాడు. గాజుగోడ అవతల ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది. సంచీ భుజాన వేసుకుని, కుర్చీని బల్ల కిందికి నెట్టి, వెళ్ళిపోయాడు.

దీపాలు ఆర్పేముందు తుడిచే ఆమె వచ్చింది. అలవాటుగా గ్లాసుకేసి చెయ్యి చాపి ఆగింది. బల్ల చుట్టూ తుడిచి, దీపం ఆర్పి వెళ్ళింది. రెండు గుక్కల టీతో గ్లాసు అక్కడే ఉంది.