ఒక్కో కంటికీ పరీక్ష

మా బావ వాష్‌బేసిన్‌లో వాంతి చేసుకోవడం అది మూడో రోజు. ఇక ఆయన మొహం చూడాలంటేనే నాకు వెగటు పుట్టింది. వాళ్ళింటి పైకప్పు బాగు చేయిస్తున్నారని అక్కా ఆయనా కొన్నాళ్ళుగా మా ఇంట్లోనే ఉంటున్నారు. తెల్లారేసరికి ఆ కక్కే చప్పుడు, వెనకాలే పులిసిన కంపు. ఆయన సరిగా కడిగి చావడు. పళ్ళు తోముకుందామని వెళితే కుళాయి మొదట్లో పసుపుపచ్చగా ఏదో అంటుకుని ఉండేది. నేను వంటగది తొట్టి దగ్గరే మొహం కడుక్కోవడం మొదలుపెట్టాను.

"మళ్ళీ పట్టిస్తున్నాడా?" అని అక్కనడిగాను.

"ఒట్టు, ముట్టుకోవడం లేదురా. పొద్దున లేస్తే చాలు తలనొప్పంటున్నారు."

అక్క ఎప్పుడూ ఆయన్ని వెనకేసుకొస్తుంది. తాగుడు మానేశానని ఆయన అంతకుముందు నాలుగుసార్లు ఒట్టు పెట్టుకున్నాడు. నాలుగూ నిలబడలేదు. ఐదోది నేను నమ్మలేదు.

ఆయన బస్సు డ్రైవరు. ఆయన డిపోలోనే ఏటా డ్రైవర్ల కళ్ళు పరీక్షించి, బండి నడపొచ్చని సంతకం పెట్టేది నేను. పద్ధతి ఒకటే. ఎడమకన్ను మూయించి కుడికంటితో గోడ మీది అక్షరాలు చదివిస్తాను, తర్వాత కుడికన్ను మూయించి ఎడమకంటితో. చివరి వరస దాకా చదివితే సంతకం. రోజుకి నలభై మంది. పదిహేనేళ్ళుగా ఎవరినీ రెండు కళ్ళూ తెరిచి చూడమనలేదు, ఫారంలో దానికి గడి లేదు.

ఆ వారమే బావ వంతు వచ్చింది. కుర్చీలో కూర్చుని మొహం ఎడమకి తిప్పి, పెద్ద జమీందారులా నన్ను ఓరగా చూశాడు.

"సరిగ్గా ఇటు తిరుగు బావా."

"ఇలాగే బాగుందోయ్. అటు తిరిగితే మీ అక్కకి ఇద్దరు తమ్ముళ్ళు కనిపిస్తున్నారు. ఒక్కడితోనే వేగలేక చస్తున్నాను."

నోరు తెరిస్తే అదే పులిసిన వాసన. కాలరు మీద మరక. తాగుబోతుకి ఇద్దరు కాక ముగ్గురు కనిపిస్తారు అనుకున్నాను. రెండు నిమిషాల్లో ఆయన్ని గదిలోంచి పంపించేయాలి, నాకదే ధ్యాస. ఒక్కో కన్నూ మూయించాను. చివరి వరస గడగడా చదివాడు. సంతకం పెట్టేసి, ఆయన గుమ్మం దాటకముందే కుర్చీ చేతులు స్పిరిట్‌తో తుడిచాను. ఆయన చూశాడు.

మూడు వారాలకి ఆయన బస్సు డిపో గేటు పక్క గోడని రాసుకుంది. బస్సు ఖాళీది కాబట్టి సరిపోయింది. "ఆయనకి రెండు గేట్లు కనిపించాయట, లేనిదాన్లోంచి దూరబోయాడు" అని మెకానిక్కులు పగలబడి నవ్వారు. మేనేజరు మళ్ళీ పరీక్ష చేయమన్నాడు.

ఈసారి బావ కళ్ళజోడు పెట్టుకొచ్చాడు. ఎడమ అద్దానికి లోపలివైపు మందులషాపు ప్లాస్టరు అంటించుకున్నాడు. అది చెమటకి నల్లబడి, అంచులు జిడ్డుగా లేచిపోయాయి. కళ్ళజోడుని రెండువేళ్ళతో పట్టుకుని పక్కన పెట్టాను.

"ఇదేంటి?"

"అలా మూస్తే ఒకటే రోడ్డు ఉంటుందోయ్."

ఒక్కో కంటికీ పరీక్ష చేశాను. మళ్ళీ చివరి వరస దాకా చదివాడు. సంతకానికి పెన్ను తీసినవాణ్ణి ఆగిపోయాను. ఒక కన్ను మూస్తే ఒకటే రోడ్డు. నేను ఎప్పుడూ ఒక కన్ను మూసే కదా చూస్తున్నాను. రెండు కళ్ళూ తెరవమని, పెన్నుని ఆయన ఎడమవైపుకి జరిపాను.

"తల కదపకుండా దీన్నే చూడు."

"చూస్తున్నాగా."

కుడికన్ను పెన్నుతోపాటు వచ్చింది. ఎడమకన్ను మధ్యలోనే ఆగిపోయింది.

కంటిని బయటివైపుకి లాగే సన్నటి నరం ఒకటుంటుందని, తలలో ఒత్తిడి పెరిగితే అది నలిగిపోవచ్చని, పొద్దుటి తలనొప్పి, వాంతులు దానితోపాటే రావచ్చని కంటి పరీక్షల కోర్సులో మాకు పాఠం చెప్పారు. నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ వాంతులు నెల రోజులుగా నా ఇంట్లోనే వినిపిస్తుంటే ముక్కు మూసుకుని తిరిగాను.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. స్కానింగులో తల లోపల గడ్డ కనిపించింది. కళ్ళ వెనక వాపు బాగా ముదిరిందని, మర్నాడే ఆపరేషన్ చేయాలని డాక్టరమ్మ చెప్పింది.

"ప్రాణానికి ప్రయత్నిస్తాం. చూపు ఎంత మిగులుతుందో చెప్పలేను. మూడు వారాల ముందు తెచ్చుంటే బాగుండేది. రెండుగా కనిపిస్తోందని ఎవరికీ చెప్పలేదా?"

బావ మొహం ఎడమకి తిప్పుకుని, మెల్లగా అన్నాడు.

"మా బావమరిది అప్పుడే అడిగాడండీ. ఉద్యోగం పోతుందని నేనే దాచాను."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మీరు అడిగారా?"

జీవితంలో అంత అసహ్యం ఎవరి మీదా నాకు కలగలేదు, ఆ క్షణంలో నా మీద నాకు కలిగినంత. అయినా నోరు నా మాట వినలేదు.

"అడిగానండీ" అన్నాను.

ఆవిడ అదే కాగితం మీద రాసుకుంది. అక్క అప్పుడు లేచింది. "ఇంతకు తెగిస్తావా? వాడడిగితే చెప్పడానికి ఏం రోగం నీకు?" అని పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన్ని నువ్వంటూ, ఏడుస్తూ తిట్టింది. బావ తలొంచుకుని ఆ తిట్లన్నీ పడ్డాడు.