ప్లాస్టర్ కింద వేలు

"అంట్లు తోమే చేతులకి గోళ్లు పాడవకుండా ఉంటాయా?" అంది మా అత్తగారు, మూడేళ్ల క్రితం నా కుడి చూపుడు వేలు చూసి. ఆ ఇంట్లో అంట్లు తోమేది నేనొక్కదాన్నే. ఆ మాట నిజమో కాదో పోల్చి చూసుకోడానికి ఇంకో చెయ్యి లేదు.

మొదట గోరు పక్కన పులిపిరిలాంటి గరుకు. తర్వాత గోరు కింద గోధుమరంగు చార, ఆ పైన గోరే చర్మం నుంచి విడిపోవడం. నేను పనిచేసేది బట్టల షాపులో. గుడ్డ తాను విప్పి, నేత తెలిసేలా వేలితో నిమిరి చూపించాలి. "ఆ గోరు చూస్తే కొనేవాళ్లు కూడా కొనరమ్మా, ప్లాస్టర్ వేసుకో" అన్నాడు మేనేజర్. రోజుకొకటి మార్చుకుంటూ మూడేళ్లు వేసుకున్నాను. మందుల షాపువాడిచ్చిన ఏదో ట్యూబు కూడా రాశాను. మా ఆయన బీపీ మాత్రలు, అత్తగారి కళ్లద్దాలు, అన్నిటి తేదీలూ నాకు గుర్తుంటాయి. నా వేలికి మాత్రం తీరిక దొరకలేదు. నొప్పి లేదు కదా అనుకున్నాను, అది నా బుద్ధితక్కువ.

చివరికి చర్మం డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. "కేన్సరే. కానీ తొలిదశ, పై చర్మం దాటలేదు. గోరూ, చుట్టూ కొంత చర్మం తీసేస్తే వేలు దక్కుతుంది. ఆలస్యం చెయ్యొద్దు" అంది, రిపోర్టు వచ్చాక. దీని వెనక ఒక వైరస్ ఉందట, పులిపిర్లు తెచ్చే వాటి జాతిదే. గర్భసంచి ముఖద్వారంలో కేన్సర్ తెచ్చేదీ అదేనట. "ఆ పరీక్ష కూడా చేయించుకోండి. ఎక్కువగా శారీరక కలయికలో వస్తుంది. ఏళ్ల తరబడి ఒంట్లో ఊరికే పడి ఉంటుంది, ఎప్పుడొచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు."

సాయంత్రం ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పాను. కేన్సర్ అన్న మాట దగ్గర కూడా ఆగలేదు ఆయన.

"ఎవరి దగ్గర అంటించుకున్నావ్?"

ఒళ్లు మండింది. పందొమ్మిదేళ్ల కాపురంలో నేను అడగకుండా మింగిన ప్రశ్నలు ఎన్నో. ఆఫీసు క్యాంపు రెండ్రోజులని చెప్పి వారానికి వచ్చినప్పుడు, అన్నం వడ్డించి ఊరుకున్నాను. అదే మంచితనం అనుకున్నాను కూడా.

"ఆపరేషనూ గీపరేషనూ తర్వాత. ముందు ఇది తేలాలి" అన్నాడు.

"నాకు తెలిసిన మగాడు మీరొక్కరే. తేల్చుకోవాలంటే మీరే కూర్చుని తేల్చుకోండి. నేను రేపే ఆస్పత్రిలో చేరుతున్నాను."

ఆయన విసురుగా టీవీ శబ్దం పెంచాడు.

గదిలోకి వెళ్లి రిపోర్టులూ ఒక జత బట్టలూ సంచిలో పెట్టుకుంటున్నాను. అత్తగారు వచ్చి తలుపు దగ్గరగా వేసింది. అంతా వినే ఉంటుంది, ఇక దెప్పడం ఈవిడ వంతు అనుకున్నాను. మంచం అంచున కూర్చుని, చాలాసేపు చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"అమ్మాయ్, ఆ గర్భసంచి పరీక్ష... నా వయసువాళ్లకీ చేస్తారా?"

చేస్తున్న పని ఆపి చూశాను.

"ముట్టు ఎప్పుడో నిలిచిపోయింది కదా. ఆర్నెల్లుగా మళ్లీ కనిపిస్తోంది. ఎవరితో చెప్పుకోను?"

సంచిలో ఆవిడ చీర కూడా ఒకటి పెట్టాను.