బ్రేకుల్లో ఇరుక్కున్న మాటలు

పొద్దున తొమ్మిదింటికి తబితా షటరు ఎత్తేసరికే ముగ్గురు నలుగురు బండ్లతో నిలబడి ఉంటారు. అమీర్‌పేటలో కోచింగుకు పోయే పిల్లలు, "అక్కా, జర జల్దీ, క్లాసుంది" అని ఒకటే గోల. బ్రేకు కీచుమంటోందని ఒకడు, అసలు పట్టడమే లేదని ఇంకొకతె. పంజగుట్ట చౌరస్తా వెనక గల్లీలో ఆ షెడ్డు పెట్టింది ఆమె నాన్న ఏసోబు. ఆయన పోయి పన్నెండేళ్లయినా బోర్డు మీద ఇంకా ఆయన పేరే ఉంది. చేతిలో స్పానరుతో ఆడమనిషిని చూసి మొదట్లో మొహం చిట్లించినవాళ్లే ఇప్పుడు మాసబ్ ట్యాంక్ నుంచి కూడా వస్తున్నారు. పనిలో అంత నిక్కచ్చి మనిషి మరి.

ఆ షెడ్డులో బ్రేకులకు ఎయిర్ తీయడమంటే కాస్త మర్యాద తెలిసి ఉండాలి. బ్రేకు నొక్కినప్పుడల్లా మనిషి ఏదో ఒక మాట మింగుతాడు. ఆ మాట లివరు లోంచి ఆయిల్లోకి దిగి, బుడగై కూర్చుంటుంది. బుడగలు ఎక్కువైతే లివరు మెత్తబడుతుంది, ఎంత నొక్కినా బండి ఆగదు. అప్పుడు ఒకరు లివరు నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర కూర్చుని నిపుల్ అనే చిన్న మరను వదులు చేయాలి. సన్నటి గొట్టంలోంచి ఆయిల్ సీసాలోకి జారుతుంది, బుడగలు ఒక్కొక్కటే పైకొచ్చి పగిలి లోపలి మాటను బయట పెడతాయి. కోచింగ్ సెంటర్లో జావా చెప్పే రామ్మోహనరావు గారి బండి నుంచి పోయిన నెల "ఈ ఉద్యోగం నా వల్ల కాదండీ" అని మూడుసార్లు వచ్చింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, హెల్మెట్ పెట్టుకుని, తిన్నగా ఆ ఉద్యోగానికే పోయాడు.

"పరాయోళ్ల మాట వినుడంటే పరాయోళ్ల జేబుల చెయ్యి పెట్టినట్టే బిడ్డా" అనేవాడు ఏసోబు. అందుకే నిపుల్ విప్పే ముందు తబితా రెండు చెవుల్లో దూది కుక్కుకుంటుంది. జుట్టుకు గ్రీజు అంటకుండా చున్నీ తలకు చుట్టుకుంటుంది గనక ఆ దూది ఎవరికీ కనబడదు. పక్క కొట్లవాళ్లు వినకుండా పెద్ద గొంతుతో ఓ కీర్తన ఎత్తుకుంటుంది. పిడికిలి చూపిస్తే నొక్కమని, అరచేయి చూపిస్తే వదలమని సైగ. ఇంతవరకూ ఒక్కరి మాట కూడా ఆమె చెవిన పడలేదు.

ఇక లాజరస్ సంగతి. శంకర్‌పల్లి అవతల ఓ రిసార్టులో టూరిస్టులను మట్టిదారుల్లో తిప్పే, బైకులా హ్యాండిల్ ఉన్న నాలుగు చక్రాల బండి ఒకటుంది. లావు టైర్లు, వెలిసిపోయిన ఎర్ర రంగు. దాన్ని నడిపేది లాజరస్. బోరబండలో ఒక్క గదిలో ఉంటాడు, భార్య పోయి పదకొండేళ్లు. రెండు నెలలకోసారి ఆ బండి బ్రేకులు మెత్తబడతాయి, ట్రాలీ ఆటోలో వేసుకుని తబితా దగ్గరికి తెస్తాడు. ఎనిమిదేళ్లుగా ఇదే వరస.

వరస అంటే గుర్తొచ్చింది. చర్చిలో, గల్లీలో అందరికీ తబితా సిస్టరో, అక్కో. ఆమెకు కనబడ్డ ప్రతి మగాడూ అన్నే, ఆటో అన్న, పాల అన్న. లాజరస్ మాత్రం ఆమెతో ఏ వరసా కలపడు. "జర చూడుండ్రి" అంటాడంతే. ఆమె కూడా ఆయన్ను అన్న అనలేదు, "ఏమైంది?" అని ఊరుకుంటుంది. వచ్చినప్పుడల్లా ఆయన రిసార్టు తోటలో కాసినయంటూ నాలుగు జామపండ్లు బెంచీ మీద పెడతాడు. ఆమె ఒకటి తిని, మూడు దాచుకుని, అవి వడిలిపోయేదాకా చూసుకుంటూ ఉంటుంది. నలభై నాలుగేళ్ల మనిషికి ఇదేం పిచ్చి అని తనను తానే తిట్టుకుంటుంది. పిచ్చి కాదు, ఆయనంటే ప్రాణం. చెప్పుకునే దిక్కు లేదు, అంతే.

ఆ రోజు పదకొండింటికి ట్రాలీ ఆటో వచ్చింది. లాజరస్ బండి దింపి, జామపండ్లు పెట్టకుండానే నిలబడ్డాడు.

"ఇదే ఆఖరుసారి" అన్నాడు. "రిసార్టును ప్లాట్లు జేసి అమ్ముతుండ్రు. బండిని అరకుల ఒకాయన కొన్నడు. నడిపెటందుకు నన్ను సుత రమ్మన్నడు. మూడింటికి బేగంపేట కాడికి లారీ వస్తది, బండితోనే పోతున్న."

తబితా చేతిలోని స్పానరు కింద పెట్టింది. "మల్ల ఎప్పుడొస్తరు?"

"ఎందుకొస్త? ఈడ నాకెవలున్నరు?"

అని ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఆమె గబుక్కున చక్రం దగ్గర కూర్చుని పని మొదలుపెట్టింది. ప్యాడ్లు చూసింది, ఇంకా మందంగానే ఉన్నాయి. డిస్కు తిప్పి చూసింది, ఎక్కడా వంకర లేదు. పైపు వేళ్లతో తడిమింది, ఉబ్బలేదు, కారలేదు. పైన ఆయిల్ డబ్బా కింది రబ్బరు డిసెంబరులో తనే మార్చింది. ఒక్కటంటే ఒక్కటి పాడై ఉంటే బాగుండు, పార్టు రావాలె అని చెప్పి నాలుగు రోజులు ఆపొచ్చు అనుకుంది. ఏదీ పాడు కాలేదు. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు.

"ఎయిరే" అంది చివరికి. "తీస్తే సరిపోతది."

"ఎప్పుడూ గదేనాయె" అన్నాడు లాజరస్, హ్యాండిల్ పట్టుకుంటూ.

ఆమె చాటుకు పోయి, కుడి చెవిలో దూది పెట్టుకుంది. ఎడమ చెవి దాకా వెళ్లిన చేయి ఆగిపోయింది. రేపటి నుంచి ఈ మనిషి గొంతు వినబడదు. ఏం మింగుకుంటాడో, ఎవర్ని తలుచుకుంటాడో, పోయిన భార్యనైనా సరే, ఒక్కసారి విననీ అనుకుంది. "నాయనా, మాఫ్ జెయ్" అని గొణిగి, రెండో దూదిని పిడికిట్లో దాచుకుంది. చున్నీ సర్దుకుని, చక్రం దగ్గర కూర్చుని, కీర్తన ఎత్తుకుని, పిడికిలి చూపించింది.

లాజరస్ మూడుసార్లు నొక్కి పట్టుకున్నాడు. ఆమె నిపుల్ తిప్పింది. మొదటి బుడగ గొట్టంలో వణుక్కుంటూ వచ్చి సీసాలో పగిలింది.

"తబితా."

ఆయన గొంతే. ముందూ వెనకా ఏమీ లేదు, ఉత్త పేరు. ఆమె పాట వదల్లేదు గానీ చరణం తప్పింది. రెండో బుడగ పగిలింది.

"బండి బాగైతే మల్ల రెండు నెల్లు ఎట్ల గడుపుదు?"

మూడోది కాస్త పెద్దది.

"ఉండమని ఒక్క మాట అను. ఉంటగదా."

పాట ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆ షెడ్డులో ఎయిర్ తీస్తుండగా పాట ఆగడం అదే మొదటిసారి. లాజరస్ లివరు వదలకుండా బిక్కమొహం వేశాడు.

"ఎందుకాపిండ్రు?"

"గీ మాటలు..." ఆమె సీసా వైపు చెయ్యి చూపించింది. "ఎప్పటిసంది?"

"ఎప్పటిసందేంది? ఎనిమిదేండ్లాయె. వచ్చినప్పుడల్లా మీ చెవి పక్కనే చెప్తున్న గదా. మీరేమో ఇంకింత గొంతు పెంచి పాడుతుంటిరి. ఇష్టం లేదని సమజైంది." ఆయన తల దించుకున్నాడు. "అయినా వచ్చిన. ఏం జెయ్యాలె, మనసు ఊకోలే."

తబితా నిపుల్ బిగించింది. చున్నీ లాగేసి, కుడి చెవిలోంచి దూది తీసి, పిడికిట్లోదాంతో కలిపి రెండూ అరచేతిలో పెట్టి చూపించింది.

"నేను వినలే. దేవుని తోడు, ఇయ్యాల్టి దాంక ఒక్కటి సుత వినలే."

లాజరస్ ఆ దూది వంకా, ఆమె మొహం వంకా మార్చి మార్చి చూశాడు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడిగేవాడు అడుగుతూనే ఉన్నాడు, పెట్టాల్సినామె చెవుల్లో దూది! ఎవరిని తిట్టాలో చెప్పండి. ఎనిమిదేళ్లు, రెండు నిండు ప్రాణాలు, గల్లీ చివర ఇంత షెడ్డులో ఒకరికొకరు రెండడుగుల దూరంలో.

ఆమె ఏదో చెప్పాలని నోరు తెరిచింది. ఎన్నడూ చెప్పి ఎరగని మనిషికి చెప్పమంటే మాట ఎక్కణ్ణించి వస్తుంది? కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ నీళ్ల మీదే కోపం కూడా వచ్చింది. లేచి స్పానరు ఆయన చేతిలో పెట్టింది.

"మీరు ఈడ కూసోండ్రి. లివరు నేను పడ్త."

లాజరస్ చక్రం పక్కన చతికిలబడ్డాడు. ఆమె లివరు పట్టుకుని నొక్కింది, వదిలింది, మళ్లీ నొక్కింది. మాట గొంతు దాకా వచ్చింది. లోకంలో అందరూ మింగినట్టే మింగేసింది. అది భుజం దిగి, మోచేయి దాటి, అరచేతిలోంచి చల్లగా లివరులోకి పోవడం ఆమెకు తెలుస్తూనే ఉంది. గట్టిగా పట్టుకుని తల ఊపింది. ఆయన నిపుల్ తిప్పి సీసాకు చెవి ఆనించాడు.

సరిగ్గా అప్పుడే మెయిన్ రోడ్డు మీది మెట్రో దడదడమంటూ పోయింది. బుడగ పగిలింది గానీ తన మాట తనకే వినబడలేదు. ఆయన మొహం మాత్రం కనబడింది. మళ్లీ నొక్కింది, ఇంకో బుడగ. మళ్లీ ఇంకోటి. ఆయన సీసా దగ్గర్నుంచి చెవి తీయలేదు. చివరికి ఒట్టి ఆయిలే జారింది, ఆమె చేతిలో లివరు రాయిలా బిగిసింది.

లాజరస్ నిపుల్ బిగించి, మొహం భుజానికి తుడుచుకున్నాడు. జేబులో ఫోను మోగింది. అరకు రిసార్టు ఓనరు రఘురామ్ గారు. గట్టి గొంతు మనిషి, షెడ్డంతా వినబడింది.

"ఏంటండీ లాజరస్ గారూ, బ్రేకులయ్యాయా? లారీ వచ్చేస్తుందండీ."

"అయినయ్ సార్, మస్తు గట్టిగున్నయ్. మూడింటికల్లా బండిని లారీ ఎక్కిస్త, ఫికర్ చేయకుండ్రి." తబితా వైపు చూశాడు. ఆమె ఇంకా లివరు వదల్లేదు. "నడిపెటందుకు ఇంకెవల్నన్న చూస్కోండ్రి సార్. నేను రాను."