నలభై ఏళ్ల రంగు

మకిలి పట్టిన లోహం కంటపడితే చాలు, పాలిష్ షాపాయనకు చేతులు దురద పెట్టేవి. పక్కింటివాళ్ల తలుపు గడియలు కూడా అడగకుండా తోమి పెట్టిన ఘనుడు. అలాంటివాడి చేతికి మామగారి వెండి నాణెం వచ్చింది. ఇక చెప్పేదేముంది!

మామగారు రిటైరైన లైబ్రేరియన్. పెళ్లయిన నాటి నుంచి అల్లుడితో నేరుగా ఒక్క మాట మాట్లాడి ఎరగరు. ఎదురుగా కూర్చున్నా సరే, "అమ్మాయీ, అల్లుడుగారు కాఫీ తాగుతారేమో కనుక్కో" అనేవారు. కోపం లేదు, తగువు లేదు, మాటా లేదు. పాలిష్ షాపాయనకు అది మనసులో ముల్లయి కూర్చుంది. ఆయన తన మొహం చూసి ఒక్క మాట అంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

అందుకే ఆ రోజు భార్య వచ్చి, "నాన్నకి కంటి ఆపరేషన్ అయింది కదా, నాణేల ప్రదర్శనకి వెళ్లలేరట. ఈ కాగితం కవర్లో ఆయన నాణెం ఉంది, దీన్ని మీరే పట్టుకెళ్లి అక్కడ విలువ కట్టించాలట," అనేసరికి ఉబ్బితబ్బిబ్బయిపోయాడు.

షాపులో ఆ పాత కవరు విప్పి చూశాడు. నాణెం అంచున నీలం, దాని లోపల ఊదా, ఇంకా లోపలికి గులాబీ, నడుమ తేనె రంగు. వాననీళ్ల మీద పెట్రోలు తేలినట్టుంది. "పాపం పెద్దాయన, కళ్లు కనబడక ఎంత మురికి పట్టించారో" అని జాలిపడి, చక్రం తిప్పి, ఎర్ర పాలిష్ ముద్ద రాసి, నాణెం ఆనించాడు. కాసేపట్లో అద్దంలా అయింది. అందులో తన మీసం చూసుకుని మురిసిపోయాడు కూడా.

ప్రదర్శనలో విలువ కట్టే ఆయన భూతద్దం పెట్టి చూసి, భూతద్దం దించి, అల్లుణ్ణి చూశాడు.

"దీన్ని తోమిన మహానుభావుడెవరండీ?"

"నేనేనండీ," అన్నాడు, పొగడ్త అనుకుని.

"దీని మీద రంగుండాలే, ఏమైంది?"

"ఇంద్రధనుస్సులా ఉండేదండీ. అంతా వదలగొట్టేశాను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "వెండికి కాగితంలోని గంధకం తగిలి ఏళ్ల తరబడి పట్టే రంగు బాబూ అది. దానికోసమే జనం ఎగబడతారు. ఇప్పుడిది వెండి ముక్క. నాణెం మీది రాజుగారి బొమ్మకి ముక్కు కూడా అరగదీశావు."

"మళ్లీ తెప్పించలేమాండీ?"

"గుడ్డులోనూ గంధకం ఉంటుందని, ఉడికిన గుడ్డు పక్కన పెట్టి తెప్పించే దొంగలున్నారులే. ఆ వాసన నా ముక్కు ఇట్టే పట్టేస్తుంది."

ఆయన చెప్పింది హెచ్చరిక. అల్లుడికి మాత్రం వైద్యం చెప్పినట్టు వినబడింది. ఇంటికొస్తూనే గుడ్లు ఉడకబెట్టి, చితక్కొట్టి, నాణెంతో పాటు డబ్బాలో పెట్టి మూత బిగించాడు. మర్నాడు మూత తీస్తే నీలం లేదు, గులాబీ లేదు. మాడిన గిన్నె అడుగులా నల్లటి మచ్చ, దాని చుట్టూ పసుప్పచ్చటి జిడ్డు. భార్య ముక్కు మూసుకుని వాకిట్లోకి నడిచింది.

సరిగ్గా అప్పుడే నల్లకళ్లద్దాలతో మామగారు దిగారు. "అమ్మాయీ, నాణెం గురించి ఏమన్నారో అల్లుడుగారిని అడుగు," అంటూ కుర్చీలో కూర్చున్నారు.

అబద్ధమాడదామనుకున్నాడు గానీ, గుడ్డు వాసన అప్పటికే ఇల్లంతా నిండింది. వెళ్లి డబ్బా ఆయన చేతిలో పెట్టేశాడు. పెద్దాయన కళ్లద్దాలు తీశారు. కొత్త కంటితో నాణేన్ని అటూ ఇటూ తిప్పారు. వాసన చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. అమ్మాయి దగ్గరకొచ్చి నిలబడినా ఆమె వంక చూడనే లేదు.

"నీకేమైనా బుద్ధుందటయ్యా? వెండిని తోమడమొకటా, పైగా గుడ్డులో పూడ్చడమా? తోమేముందు నన్నొక మాట అడిగితే నీ సొమ్మేం పోయింది? నీకు నోరు లేదా?"

తిట్లు మధ్యాహ్నం దాకా నడిచాయి. వెండి సంగతి, కాగితం సంగతి, గంధకం సంగతి, పాలిష్ షాపుల సంగతి, అల్లుళ్ల సంగతి, ఏదీ వదల్లేదు. అల్లుడు తలొంచుకుని నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు, ఆ మాటలు ఎక్కడ ఆగిపోతాయోనని భయపడుతున్నాడు కూడా.

చివరికి పెద్దాయనకు ఆయాసమొచ్చింది. అల్లుడు మంచినీళ్లిచ్చి, మెల్లిగా అడిగాడు.

"మళ్లీ ఆ రంగు రావాలంటే ఎన్నాళ్లు పడుతుంది మామగారూ?"

"నలభై ఏళ్లు. అరిగిన ముక్కు మాత్రం రాదు."

నాణెం కడిగి, తుడిచి, కొత్త కాగితంలో మడిచి అల్లుడి చేతిలో పెట్టారు.

"అప్పటికి నేనుండను. నువ్వే చూసుకోవాలి. ఆదివారం రా, ఎలా దాచాలో చెబుతాను."