మూడు సంతకాలూ ఒక్కసారే

వైదేహికి కోపం రావడం అరుదు. వచ్చిందంటే మాత్రం ఫోన్ చేతిలోకి తీసుకుంటుంది, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. కెనడా విదేశాంగ శాఖలో ఆమెది వాంకూవర్ ఆఫీసు. పై అధికారి కాశీవిశ్వనాథం గారు ఉండేది రాజధాని ఒట్టావాలో. ఆయన లెక్కలో దౌత్యమంటే లేఖ రాయడం, జవాబొచ్చేదాకా కదలకుండా కూర్చోవడం.

ఆ సోమవారం అంజేష్ని అనే అమ్మాయి వచ్చింది. ఫిజీ తెలుగువాళ్ళ పిల్ల, నిండు చూలాలు. శుక్రవారం డెలివరీ అన్నారు. భర్త వినేష్ సరుకు ఓడలో వంటవాడు. యజమాని దివాలా తీసి మాయమవడంతో ఆ ఓడ రెండు నెలలుగా ఊరికెదురుగా లంగరేసి ఉంది. కిటికీ తెరిస్తే ఓడ కనబడుతుంది, మనిషి మాత్రం దిగి రాలేడు. పురిటికి ఆయన పక్కనుంటే చాలు, ఇంకేమీ వద్దంది ఆ పిల్ల.

ఓడ నమోదై జెండా ఎగరేసింది ఒక దేశానిది, ఇన్సూరెన్స్ ఇంకో దేశపు కంపెనీది, ఆగింది కెనడా నీళ్ళలో. జెండా దేశం ఒప్పుకుంటే ఖర్చు భరిస్తామంటారు ఇన్సూరెన్స్ వాళ్ళు. వాళ్ళు హామీ ఇస్తే దిగనిస్తామంటారు ఇక్కడివాళ్ళు. ఇక్కడివాళ్ళు దిగనిస్తే ఒప్పుకుంటామంటుంది జెండా దేశం. బాగుంది వరస!

విశ్వనాథం గారు ఆ రోజే జెండా దేశానికి పద్ధతిగా లేఖ పంపి, జవాబొచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడొద్దని మరీ మరీ చెప్పారు. దౌత్యంలో తొందర పనికిరాదట. కడుపులో బిడ్డకు ఆ సంగతి ఎవరు చెప్తారు?

వైదేహి రెండు రోజులు ఫోన్ కింద పెట్టలేదు. ఆఫీసుల్ని కాదు, సంతకం పెట్టే మనుషుల్ని వెతికి పట్టుకుంది. బుధవారం తెల్లవారుజామున ఐదింటికి ముగ్గుర్నీ ఒకే వీడియో కాల్‌లోకి లాగింది. ఒకాయన మధ్యాహ్నం భోజనం మధ్యలో ఉన్నాడు, ఒకావిడ చంటిపిల్లను ఎత్తుకుని కూర్చుంది. అరగంటసేపు ముందు మీరంటే ముందు మీరని వాదించుకున్నారు.

"ఎవరూ ముందు పెట్టొద్దు," అంది వైదేహి. "ఫారాలు మీ ముందే ఉన్నాయి. మూడు అంకెలు లెక్కపెడతాను, ముగ్గురూ ఒక్కసారే పెట్టండి."

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే పెట్టేశారు.

పది నిమిషాల్లో ఒట్టావా నుంచి ఫోన్. ఎవర్ని అడిగి చేశావమ్మా అన్నారు విశ్వనాథం గారు.

"ఎవర్నీ అడగలేదండీ. అందరితో మాట్లాడాను."

మెమో ఇస్తానన్నారు, ఇచ్చారు. దాన్ని డ్రాయర్లో పడేసి వైదేహి రేవుకెళ్ళింది. గురువారం సాయంత్రం చిన్న పడవలో వినేష్ దిగాడు, ఒంటిమీద ఇంకా ఏప్రన్‌తోనే. శుక్రవారం మధ్యాహ్నం పుట్టిన ఆడపిల్లను మొదట ఎత్తుకున్నది అతనే.

నాలుగు నెలలకు జెండా దేశం నుంచి జవాబొచ్చింది: మీ లేఖ అందినది, పరిశీలనలో ఉన్నది. అదే రోజు అంజేష్ని వీడియో పంపింది, పాప బోర్లా పడింది. రెండింటినీ కలిపి విశ్వనాథం గారికి పంపేసింది వైదేహి, పక్కన ఒక్క మాట కూడా రాయకుండా.

సాయంత్రం ఆయన మెసేజ్ వచ్చింది.

"బోర్లా పడితే బొబ్బట్లు పంచాలి కదా, మావి ఏవీ? హాలిఫాక్స్ దగ్గర ఇంకో ఓడ ఆగిందట. రేపు కాల్ పెట్టమ్మా, నేనూ వస్తాను. అంకెలు నువ్వే లెక్కపెట్టు."