కాపరి వేషగాడు జడ్జి అయిన శుక్రవారం

1993లో ఒమాన్ దేశపు సోహార్‌లోని తెలుగు కుటుంబాలు ఉగాదికి ఓ నాటకం వేయాలనుకున్నాయి. స్కూల్లో ఇంగ్లిషు చెప్పే మంగతాయారు దాన్ని రాసింది. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో థామస్ వెథర్లీ అనే జడ్జిని ఆమే ఊహించి పుట్టించింది. విగ్గులు అల్లేవాడి కొడుకు వకీలు దగ్గర గుమాస్తాగా చేరి, లా చదివి, వానలో గుర్రమెక్కి ఊరూరా కోర్టులు తిరిగి, యాభయ్యో ఏట జడ్జి అవుతాడు. ఇంగ్లిషు రాని వేల్స్ గొర్రెల కాపరిని దొంగగా నిలబెడితే, దుబాసీ వచ్చేదాకా విచారణ ఆపేస్తాడు. దాంతో పెద్దలకు కోపమొచ్చి, ప్రధాన న్యాయమూర్తి పదవి అతని చేయి జారిపోతుంది.

జడ్జి వేషం ఆమె భర్త నాగేంద్రప్రసాద్‌ది. ఆయన ఓ నిర్మాణ కంపెనీలో సైట్ ఇంజనీరు. ఆ కంపెనీలోనే పనిచేసే కార్పెంటర్ లింబాద్రి కోర్టు బోను చేసి తెస్తే, మంగతాయారు అతన్నే అందులో నిలబెట్టింది. కాపరికి మాటలు లేవు. నెల రోజులు, సెలవు దినమైన ప్రతి శుక్రవారం, రిహార్సల్‌లో లింబాద్రి బోనులో నిలబడి అందరి మాటలూ విన్నాడు.

నాటకం రోజు పొద్దున నాగేంద్రప్రసాద్ గొంతు పూర్తిగా పోయింది. సైట్ దుమ్ములో రెండు రోజులు అరిచిన ఫలితం. మంగతాయారు తల పట్టుకుంది.

“గా మాటలన్నీ నాకొస్తయ్ మేడం,” అన్నాడు లింబాద్రి మెల్లగా.

“మొత్తం వచ్చా?”

“సార్ మర్సిపోయినప్పుడు దగ్గుతడు సూడుండ్రి, అది గూడ వస్తది.”

గొంతు లేకపోయినా నాగేంద్రప్రసాద్ పడీపడీ నవ్వాడు. దూది విగ్గు తీసి లింబాద్రి తల మీద పెట్టి, తాను బోనులోకి వెళ్లాడు.

సాయంత్రం హాలు నిండిపోయింది. లింబాద్రి జడ్జికి రాసిన గ్రాంథికం తడబడకుండా చెప్పుకుపోయాడు. విచారణ రంగం వచ్చింది. ప్రాసిక్యూటరు వేషంలో ఎహసాన్ గర్జించాడు:

“వీడికి మన భాష రాకుంటే ఏం ప్రభూ! శిక్ష ఏ భాషలో వేసినా శిక్షే!”

లింబాద్రి బోను వైపు చూశాడు. ఒమాన్ వచ్చిన కొత్తలో, ఏం రాసుందో తెలియని కాగితం మీద తాను సంతకం పెట్టిన రోజు గుర్తొచ్చింది. కంఠతా వచ్చిన వాక్యం ఎగిరిపోయింది.

“ఆగుండ్రి!” అన్నాడు. “గాయిన మీద ఏం కేసు పెట్టిన్రో గాయినకు ఎరుకేనా? ముందుగాల గాయిన బాసలోనే గాయినకు చెప్పుండ్రి. అప్పటిదాంక నేను కలం ముట్ట!”

వెనక వరసల్లో కూర్చున్న, లింబాద్రి ఉండే కార్మికుల క్యాంపు మనుషులు లేచి ఈలలు వేశారు. ముందు వరసల్లోని కుటుంబాలూ చప్పట్లు కొట్టాయి. బోనులో ఉన్న ఇంజనీరుకి మాట రాదు గనక రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అది నాటకంలో లేదు.

తెర పడగానే లింబాద్రి మంగతాయారు దగ్గరికి పరుగెత్తాడు.

“మీరు రాసింది మర్సిపోయిన, తప్పయింది మేడం.”

“తప్పేం లేదండీ,” అందామె, కాగితాల మీద పాత మాటలు పెన్నుతో కొట్టేస్తూ. “మీరన్నదే మళ్లీ చెప్పండి, రాసుకుంటాను.”

పై శుక్రవారం క్యాంపులోనే మళ్లీ ఆడారు. కుటుంబాలన్నీ పులిహోర గిన్నెలతో అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి. లింబాద్రి రూమ్‌వాళ్లు వాళ్ల కోసం మంచాలు బయట వేసి, దుప్పట్లు పరిచారు.